ఎముకల బలము - ఆంటీఆక్సిడెంట్లు: జన్యువులు చెప్పు సాక్ష్యము

స్నానపు గచ్చుపై కాలుజారి పడిన వృద్ధురాలికి తుంటి ఎముక విరిగినదను వార్త మన గ్రామములలో క్రొత్తది కాదు. వయసు మీరినది, పడినది, విరిగినది అని మనము మాట ముగించుదుము. వైద్యులు అట్లు ముగింపరు. ఆరోగ్యముగల ఎముక నిలుచున్న ఎత్తునుండి పడినంత మాత్రమున విరుగరాదు. విరిగినదన్నచో, అంతకు ఎన్నో ఏండ్ల ముందునుండియే అది లోలోపల గుల్లబారుచు వచ్చినదని అర్థము. ఈ వ్యాధిని ఆస్టియోపొరోసిస్ అందురు. బోలు ఎముకల వ్యాధి యను తెలుగు పేరు కూడ వాడుకలో నున్నది. దీనికి జ్వరము లేదు, ముందుగా నొప్పి లేదు. ఎముక విరుగువరకు రోగికిగాని ఇంటివారికిగాని జాడ తెలియదు.

విరిగిన తరువాత సంగతి వేరు. తుంటి విరిగిన మనిషికి శస్త్రచికిత్స కావలెను. మంచము పట్టినచో దగ్గర కూర్చుండుటకు కోడలో కూతురో కూలి మానుకొనవలెను. లేచి నడచినను చాలమంది మునుపటివలె తమ పనులు తాము చేసికొనలేరు. కావుననే ఎముకలు గట్టిపడుటకు మందు ఇదిగో అని ఎవరైన చెప్పినచో జనులు ఆశగా వినుట సహజము. ఈనాడు ఆంటీఆక్సిడెంట్లు కల పొడులు, మాత్రలు, రసములు సంతలలోను, సెల్‌ఫోను ప్రకటనలలోను అమ్మకమునకు వచ్చుచున్నవి. వానిలో కొన్నింటిపై ఎముకల బలము మాట కూడ వ్రాసియుండును. ఊరిలోని వృద్ధ స్త్రీలందరికి ఇట్టి డబ్బాలు కొని పంచవలెనని రేపు గ్రామసభలో ఒకరు లేచి అడిగినచో, పంచాయతీ సభ్యులు ఏమి సమాధానము చెప్పవలెను? సాక్ష్యము చూచి చెప్పవలెను. ఆ సాక్ష్యము ఎట్టిదో, అది ఎంతవరకు నమ్మదగినదో ఈ పాఠములో పరిశీలింతము.

మొదట ఎముక యన నేమో తెలిసికొనవలెను. అది రాతి స్తంభమువంటి జడవస్తువు కాదు. మన ఊరి బాటవలె అది నిత్యము మరమ్మతులో నుండును. ఒక జాతి కణములు పాత ఎముకను కొరికి త్రవ్వివేయును. వేరొక జాతి కణములు ఆ గుంటలలో క్రొత్త ఎముకను కట్టును. యౌవనములో కట్టు కణములదే పైచేయి. సుమారు ముప్పదవ ఏట ఎముక తన నిండు బలమునకు వచ్చును. తరువాత నెమ్మదిగా త్రవ్వకము ఎక్కువై పూడ్చుట తక్కువగును. స్త్రీలకు ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ అను స్రావము తగ్గిపోవుటచే మొదటి కొన్ని ఏండ్లు ఈ నష్టము మిక్కిలి వేగముగా జరుగును. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలలో ఎక్కువగుటకు ఇది ముఖ్యకారణము.

ఇక ఆంటీఆక్సిడెంట్ల మాట. శరీరము ప్రాణవాయువును వాడుకొనునప్పుడు కొన్ని చురుకైన అణువులు పుట్టును. పొయ్యినుండి ఎగిరిపడు నిప్పురవ్వలవలె అవి తగిలినచోటును చెరచును. వీనిని చల్లార్చు పదార్థములే ఆంటీఆక్సిడెంట్లు. ఉసిరిక, జామపండులలోని సి విటమిను, నూనెగింజలలోని ఇ విటమిను, క్యారెట్టుకు రంగునిచ్చు బీటా కెరొటీను, టమాటాకు ఎరుపునిచ్చు లైకోపీను, సెలీనియము అను ఖనిజము - ఇవి ముఖ్యమైనవి. ఆ నిప్పురవ్వలు ఎక్కువైనచో ఎముకను త్రవ్వు కణములు రెచ్చిపోవునని ప్రయోగశాలలలో చూచిరి. ఆంటీఆక్సిడెంట్లు పెంచినచో త్రవ్వకము తగ్గును, ఎముక నిలుచును అని ఆలోచన. తర్కము బాగుగనే యున్నది. సి విటమినుకు మరియొక పని కూడ కలదు. ఎముకలోని ఖనిజము పట్టుకొని నిలుచుటకు కొల్లాజెన్ అను మాంసకృత్తు వల కావలెను; సి విటమిను లేనిదే ఆ వల సరిగా అల్లుకొనదు. పూర్వము నెలల తరబడి ఓడలలో తాజా కూర, పండు ఎరుగక యున్న నావికులు స్కర్వీ వ్యాధితో చిగుళ్లు కారి చచ్చుటకు ఇదియే కారణము. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు పండ్రెండుగురు రోగులను ఇద్దరిద్దరుగా విభజించి తలకొక రకమైన మందు ఇచ్చి చూడగా, నారింజ, నిమ్మ తిన్న ఇద్దరు అందరికంటె త్వరగా కోలుకొనిరి.

అయితే లోపము తీర్చుట వేరు; లోపము లేనివానికి మరింత పోయుట వేరు. ఎండిన మడికి నీరు పెట్టిన పైరు బ్రదుకును. నిండిన మడికి మరల పెట్టినచో గట్టు తెగును. ఈ భేదము సభ్యులు మనసునందుంచుకొనవలెను. ముందు ముందు దీనితో పని యున్నది.

మనుష్యులలో సాక్ష్యము కొరకు పరిశోధకులు మొదట చేసినది, ఎవరేమి తినుచున్నారో వ్రాసికొని, ఎవరికి ఎముకలు విరుగునో వేచి చూచుట. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అను పట్టణమున 958 మంది వృద్ధులను పదునేడేండ్లవరకు గమనించిన ఒక పరిశోధన 2009లో ప్రకటింపబడినది. సి విటమిను ఎక్కువగా తీసికొనినవారిలో తుంటి విరుగుట తక్కువగా కనబడినది. ఇట్టి వార్త పత్రికలలో పడగానే మాత్రల డబ్బాలపైకి ఎక్కును. కాని ఇచ్చట ఒక చిక్కు కలదు.

పైరు పంటలు ఎరిగిన సభ్యులకు ఈ చిక్కు వివరించుట సులభము. ఒక ఊరిలో సూపర్ ఫాస్ఫేటు వేసిన రైతులకు ఎకరమునకు పది బస్తాలు ఎక్కువ పండినవనుకొందము. ఆ పది బస్తాలు ఎరువువలననే వచ్చినవా? ఎరువు కొనగలిగినవానికి బావి యుండును, మంచి విత్తనము దొరకును, సొంత అరక యుండును, చేను ఊరికి దగ్గరగా నుండును. ఎరువు వేయనివాడు చెరువు ఎండినపుడు ఆకాశమువైపు చూచు కౌలుదారు. ఇందులో ఎరువు పాలెంత, బావి పాలెంత? కేవలము చూచుటవలన తేలదు. అట్లే విటమిను మాత్రలు కొని మ్రింగువారు సాధారణముగా చదువుకొన్నవారు, పొగత్రాగనివారు, రోజూ నడచువారు, పాలు పెరుగు దండిగా గలవారు. వారి ఎముకలు గట్టిగా నున్నచో ఆ ఘనతను మాత్రకే కట్టబెట్టుట న్యాయము కాదు.

ఈ చిక్కును విప్పు మార్గమును పొలములయందే కనుగొనిరి. 1919లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రమున చేరిన రోనాల్డ్ ఫిషర్ అను గణితజ్ఞుడు, ఏ మడికి ఎరువు వేయవలెనో రైతుగాని పరిశోధకుడుగాని నిర్ణయింపరాదు, చీటీలు వేసి నిర్ణయింపవలెనని చెప్పెను. చీటీకి పక్షపాతము లేదు. పంచాయతీ ఎన్నికలో ఇద్దరికి సమానముగా ఓట్లు వచ్చినపుడు చీటీ తీసి తేల్చుట మనకు తెలిసినదే కదా! చీటీ ద్వారా మడులను విభజించినపుడు మంచి నేల, చెడ్డ నేల ఉభయపక్షములకు దాదాపు సమానముగా పోవును. అప్పుడు కనబడు భేదము ఎరువుదే యగును. తరువాత వైద్యులు ఈ పద్ధతిని మందులకు వర్తింపజేసిరి.

ఆంటీఆక్సిడెంట్లపై చీటీ పరీక్ష ఏమి చెప్పినదో వినిన సభ్యులకు ఆశ్చర్యము కలుగును. బీటా కెరొటీను దండిగా గల కూరలు తినువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువని వెనుక గమనించియుండిరి. దానిని నమ్మి ఫిన్లండు దేశమున 29,133 మంది పొగత్రాగు పురుషులకు చీటీ వేసి, కొందరికి బీటా కెరొటీను, కొందరికి ఇ విటమిను, కొందరికి రెండును, కొందరికి వట్టి మాత్రలు ఇచ్చిరి. 1994లో ఫలితము వెలువడినది. బీటా కెరొటీను మ్రింగినవారిలో ఆ క్యాన్సరు తగ్గలేదు సరికదా, నూటికి 18 వంతులు ఎక్కువైనది. అమెరికాలో 18,314 మందితో జరిగిన వేరొక పరీక్షలో బీటా కెరొటీను, ఎ విటమిను కలిపి ఇచ్చిరి. అచ్చట ఆ క్యాన్సరు నూటికి 28 వంతులు పెరుగుటచే 1996లో పరీక్షను గడువుకు ముందే ఆపివేసిరి. కూరలో మేలు చేసినట్లు కనబడిన వస్తువే మాత్రగా మారి పొగత్రాగువారికి కీడు చేసినది. డబ్బాపై ఉన్న మాట చూచి అందరికి ఒకే పొడి పంచుట ఎందుకు ప్రమాదమో ఈ రెండు పరీక్షలే చాలును.

మరి ఎముకలకు ఇట్టి పరీక్ష ఎందుకు చేయరు? ఎముక గుల్లబారుటకు ముప్పది, నలుబది ఏండ్లు పట్టును. అంతకాలము వేలమందిచే మాత్రలు మ్రింగించుట, వట్టి మాత్రలవారు బజారులో అసలు మాత్రలు కొనకుండ చూచుట సాధ్యము కాదు. ఖర్చు కూడ అపారము. ఇచ్చటనే జన్యువుల సాక్ష్యము మనకు తోడ్పడును.

బ్రనో పట్టణపు మఠములో గ్రెగర్ మెండెల్ అను సన్యాసి బఠాణీ మొక్కలను సంకరము చేసి, తల్లిదండ్రుల గుణములు బిడ్డలకు ఏ లెక్కన వచ్చునో 1866లో ప్రకటించెను. ప్రతి గుణమునకును తల్లినుండి ఒక పాలు, తండ్రినుండి ఒక పాలు బిడ్డకు వచ్చును. తల్లికి ఉన్న రెండు పాళ్లలో ఏది వచ్చుననునది చీటీ వంటిదే. అక్కకు ఒకటి, చెల్లెలికి ఒకటి రావచ్చును. ఇది గర్భములో పడినప్పుడే జరుగు చీటీ. దీనికి బావి లేదు, కౌలు లేదు, చదువు లేదు, కులము లేదు. బిడ్డ పెరిగిన తరువాత పొగత్రాగునా, నడచునా అనుదానితో ఈ చీటీకి సంబంధము లేదు. రక్తములో ఒక పోషకము కొంచెము ఎక్కువగా నిలుచునట్లు చేయు జన్యుపాలు కొందరికి పుట్టుకతో వచ్చినదనుకొందము. ఆ పోషకము నిజముగా ఎముకను కాపాడునదైనచో, ఆ పాలు వచ్చినవారి ఎముకలు జీవితాంతము కొంచెము గట్టిగా నుండవలెను. ఉండనిచో ఆ పోషకముపై చెప్పిన గొప్పలను సందేహింపవలెను. ప్రకృతియే చీటీ వేసి మనకు పరీక్ష జరిపి పెట్టినట్లు ఇది. 1986లో మార్టిన్ కటాన్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఈ ఆలోచనకు బీజము వేసెను. 2003లో బ్రిటనులోని జార్జి డేవీ స్మిత్, షా ఇబ్రహీం దీనిని విపులముగా వివరించిరి. మెండెల్ పేరిట దీనికి మెండీలియన్ రాండమైజేషన్ అని పేరు.

లెక్క వేయుటకు రెండు పట్టికలు కావలెను. ఏ జన్యుపాలు ఉన్నవారి రక్తములో ఏ పోషకము ఎంత యున్నదను పట్టిక ఒకటి. ఆ జన్యుపాలు ఉన్నవారి ఎముకల సాంద్రత ఎంత, ఎవరికి విరిగినవను పట్టిక రెండవది. సి విటమిను విషయమున మొదటి పట్టికను 52,018 మంది రక్తము పరీక్షించి 2021లో ప్రకటించిరి. ఆ విటమినును మూత్రపిండములలో తిరిగి రక్తములోనికి చేర్చు ద్వారపాలకునివంటి జన్యువు ఒకటి అందులో ముఖ్యమైనది. ఎముకల పట్టిక మరింత పెద్దది. బ్రిటనులోని యూకే బయోబ్యాంకు సంస్థ 2006 నుండి 2010 వరకు సుమారు 5 లక్షలమంది నడివయసు స్త్రీపురుషులను చేర్చుకొని, రక్తము తీసి, మడమ ఎముకను శబ్దతరంగములతో కొలిచినది. వారిలో 426,824 మంది లెక్కలు పరిశీలింపగా, ఎముక సాంద్రతతో సంబంధముగల 518 జన్యుస్థానములు బయటపడినవి. తాత తండ్రులనుండి వచ్చు వారసత్వము ఎముకల విషయమున ఎంత బలమైనదో దీనినిబట్టి ఊహింపవచ్చును. తల్లికి తుంటి విరిగినచో కూతురు జాగ్రత్తపడవలెనని వైద్యులు చెప్పుట ఊరకనే కాదు.

ఈ పట్టికలను జోడించి పలువురు పరిశోధకులు సి, ఇ విటమినుల విషయమునను, కెరొటీనుల విషయమునను లెక్కలు వేసిరి. ఈ పోషకములు రక్తములో కొంచెము హెచ్చినంత మాత్రమున సాధారణ జనులలో ఎముకలు గట్టిపడును, విరుగుట తగ్గును అని ఒప్పుకొనదగిన గట్టి రుజువు ఈ మార్గమున దొరకలేదు. మా అభిప్రాయమున పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన ముఖ్యవిషయము ఇదియే.

కాని ఈ సాక్షిని కూడ మనము అడ్డుప్రశ్నలు వేయక విడువరాదు. కోర్టులో సాక్షికి పరిమితులుండునట్లే దీనికిని కలవు. జన్యుపాలు పోషకము ద్వారా మాత్రమే ఎముకను తాకవలెను. వేరొక దారిన తాకినచో లెక్క తప్పును. ఇ విటమినుకు సంబంధించిన ఒక ముఖ్య జన్యుస్థానము రక్తములోని కొవ్వును కూడ బలముగా మార్చును. అప్పుడు కనబడిన ఫలితము విటమినుదో కొవ్వుదో ఎట్లు తేలును? సి విటమిను ద్వారపాలక జన్యువు ఇంతకంటె శుభ్రమైన సాక్షి. మరియొకటి: జన్యువు చేయు మార్పు స్వల్పము. రోజూ గుప్పెడు మాత్రలు మ్రింగుట వలని ఫలితమును అది నేరుగా చెప్పజాలదు. మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఈ పట్టికలలోనివారు దాదాపు అందరు ఐరోపా సంతతివారు. వారిలో పోషకముల కరవు తక్కువ. నిండిన మడిలో మరల నీరు పెట్టుట వలన లాభము లేదని వారి లెక్క చెప్పును. ఎండిన మడి సంగతి అది చెప్పదు.

ఈ మూడవ మాట ఎంత ముఖ్యమో కాల్షియము, డి విటమినుల కథ చూచిన తెలియును. 2018లో ప్రకటించిన ఒక పెద్ద జన్యుపరిశోధనలో ఎముక విరిగిన 37,857 మందిని, విరుగని 227,116 మందిని పోల్చిరి. విరుగుటకు కారణముగా నిలిచినది ఎముక సాంద్రత ఒక్కటియే. పుట్టుకతో డి విటమిను కొంచెము తక్కువగా నుండుటగాని, పాలు అరుగని జన్యువువలన పాల కాల్షియము తక్కువగుటగాని విరుగుటను పెంచినట్లు కనబడలేదు. అమెరికాలో 25,871 మందికి చీటీ వేసి డి విటమిను ఇచ్చిన పరీక్ష 2022లో ఇట్లే ముగిసినది; ఎముకలు విరుగుట తగ్గలేదు. దీనిని చదివినవాడు కాల్షియము, డి విటమిను ఎందుకు, పారవేయుడనును. తొందరపడరాదు. 1992లో ఫ్రాన్సులో వృద్ధాశ్రమములలో నివసించుచున్న 3,270 మంది స్త్రీలకు, ఎండ ఎరుగక, తిండి సన్నగిల్లిన ఎనుబదేండ్ల ముసలివారికి, కాల్షియము, డి విటమిను కలిపి ఇచ్చి చూచిరి. పదునెనిమిది నెలలలో తుంటి విరుగుట నూటికి 43 వంతులు తగ్గినది. అమెరికా పరీక్షలోనివారు సాధారణముగా ఆరోగ్యవంతులు, లోపము చూచి ఎన్నుకొనబడినవారు కారు. ఫ్రాన్సువారు ఎండిన మడులు. రెండు పరీక్షలును సత్యమే చెప్పినవి.

జన్యుసాక్ష్యము ఎల్లప్పుడు కాదనుటకే ఉన్నదని తలపరాదు. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతికి చెందిన కొన్ని కుటుంబములలో ఎముకలు మితిమీరి దట్టముగా పెరుగు అరుదైన వ్యాధి కలదు. వారిలో ఎముక కట్టుటకు కళ్లెము వేయు ఒక జన్యువు చెడిపోయినదని 2001లో కనుగొనిరి. ఆ కళ్లెమును మందుతో సడలించినచో గుల్లబారిన ఎముకకు బలము వచ్చునని తలచి రొమోసోజుమాబ్ అను సూదిమందు తయారుచేసిరి. 2019లో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి నిచ్చినది. దానివలన గుండెకు ముప్పు కలదేమోనను అనుమానమును విచారించుటకు కూడ అదే జన్యుపద్ధతిని వాడుచున్నారు. ఇది వైద్యుని చేతిలోని మందు. పంచాయతీ పంచునది కాదు.

మన ప్రాంతపు మడి నిండినదా, ఎండినదా? తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆ చుట్టుపట్ల ఆరోగ్యవంతులైన గ్రామీణులను, పట్టణవాసులను పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. ఉభయులకును ఆహారములో కాల్షియము చాలదు. అందును గ్రామీణులకు మరింత తక్కువ. డి విటమిను కూడ ఇరువురిలోను తక్కువయే. ఎండలో పనిచేయు గ్రామీణులు మాత్రము పట్టణవాసులకంటె కొంత మేలు. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు ప్రకారము పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. రెండుపూటల తెల్లబియ్యపు అన్నము, చారు తిను ముదుసలికి అది ఎచ్చటినుండి వచ్చును? కావున ఐరోపావారి లెక్క చూపి మన ముసలివారికి కాల్షియము అక్కరలేదనుట ఎంత తప్పో, వారికి లేని ఆంటీఆక్సిడెంట్ల మేలు మనకు కలుగునని డబ్బాలు కొనుటయు అంతే తప్పు.

కాల్షియమునకు మన పెరటిలోనే దారులున్నవి. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములుండును. అంతే తూకముగల పాలలో 120 మాత్రమే. మునగాకు, తోటకూర రాగులకు తీసిపోవు. నువ్వులలో వేయికి పైబడి యుండును గాని నువ్వులు ఎవరును నూరు గ్రాములు తినరు. చిమ్మిలి ఉండ ఒకటి తినినను మేలే. పాలకూరలోని కాల్షియము మాత్రము ఒంటికి అంతగా పట్టదు. ఇక సి విటమిను కొరకు పొడి డబ్బా కొనవలసిన పనిలేదు. ఒక జామపండు, ఒక ఉసిరికాయ ఆ దినపు అవసరమును దాటించును. కూరగాయలు, పండ్లు తినుట మానుడని ఈ సాక్ష్యము చెప్పుటలేదని మరల నొక్కి చెప్పుచున్నాము. వానిలోని ఒక పదార్థమును విడదీసి మాత్రగా అమ్మునప్పుడు చెప్పు గొప్పలకే రుజువు లేదు. ఎ విటమిను మాత్రలను వైద్యుడు చెప్పక వాడుట మరింత ప్రమాదము. అమెరికాలో 72,337 మంది స్త్రీలను పదునెనిమిదేండ్లు గమనించిన పరిశోధనలో రెటినాల్ అను రూపమున ఎ విటమిను మిక్కిలిగా తీసికొనినవారికి తుంటి విరుగుట ఎక్కువగా కనబడినది. ఇది చూచుటవలని సాక్ష్యమే యైనను, మేలు లేనిచోట ఇంతటి అనుమానము కూడ ఎందుకు కొనవలెను?

నీటి సంగతి కూడ ఇందులో చేరును. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో ఫ్లోరైడు నీటివలన ఎముకలు, పండ్లు చెడుచున్నవని 1937లోనే వైద్యులు వ్రాసిరి. మన దేశమున ఈ వ్యాధిని గూర్చిన మొదటి వృత్తాంతము అది. నల్లగొండ కథ అందరు ఎరిగినదే. ఫ్లోరైడువలన ఎముక దట్టమగును గాని గట్టిపడదు. ఒకప్పుడు అమెరికా వైద్యులు దీనినే మందుగా వాడి చూచిరి. 1990లో ప్రకటించిన ఆ పరీక్షలో 202 మంది స్త్రీలు పాల్గొనిరి. ఫ్లోరైడు పుచ్చుకొనినవారి వెన్నెముక సాంద్రత నూటికి 35 వంతులు పెరిగినది. అయినను చేతులు, కాళ్లు, తుంటి విరుగుట హెచ్చినది. కావున ఎముకల బలము కోరు పంచాయతీ డబ్బాకంటె ముందు బోరునీటి పరీక్షాపత్రమును చూడవలెను. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు మన దేశ ప్రమాణము అంగీకరించును. వేరు నీరు లేనిచోట 1.5 వరకు. అంతకు మించిన బోరుపై త్రాగరాదని బోర్డు కట్టించుట పంచాయతీ చేతిలోని పని.

పడుట తగ్గినచో విరుగుట తగ్గును. దీనికి జన్యువుల లెక్క అక్కరలేదు. వృద్ధులు తెల్లవారుజామున నడచు బాటలో వీధిదీపము వెలుగుచున్నదా, కుళాయి దగ్గర నాచు పట్టిన గచ్చును గీకించితిమా, మురుగు కాలువపై బండ కదలుచున్నదా, ప్రభుత్వ సాయముతో కట్టిన మరుగుదొడ్డిలో పట్టుకొని లేచుటకు ఒక ఇనుపకమ్మి యున్నదా అని వార్డు సభ్యుడు ఒక ఉదయము తిరిగి చూచినచో ఖర్చుల పట్టిక తానే తయారగును. కంటిశుక్లములు ముదిరినవారిని శస్త్రచికిత్సకు పంపుటయు ఇందులోనిదే.

ఆరోగ్య ఉపకేంద్రపు నర్సమ్మగారితోను, ఆశా కార్యకర్తతోను మాటలాడి మరియొక పని చేయింపవచ్చును. ఏబది దాటిన ఏ స్త్రీకైనను చిన్నపాటుకే మణికట్టు, తుంటి లేదా వెన్నుపూస విరిగినచో, ఆమెను కట్టు కట్టించి ఇంటికి పంపక, పెద్ద ఆసుపత్రిలో ఎముక సాంద్రత పరీక్షకు పంపవలెను. ఒకమారు విరిగినవారికి రెండవమారు విరుగు అవకాశము ఎక్కువ. అట్టివారికి విరుగుటను తగ్గించునని చీటీ పరీక్షలలో రుజువైన మందులు కలవు. నడుము వంగి, పూర్వపు ఎత్తుకంటె నాలుగు సెంటీమీటర్లకు మించి తగ్గిన ముదుసలిని కూడ అట్లే పంపవలెను. అంగన్‌వాడీలో పిల్లల ఎత్తు కొలుచు కొలబద్ద ఉండనే యున్నది. పింఛనులు పంచు దినమున పెద్దవారి ఎత్తు కూడ కొలిచి పుస్తకములో వ్రాయించినచో, రాబోవు ఏడు పోల్చి చూచుటకు ఆధారముండును.

మన దేశీయుల జన్యుపట్టిక ఇప్పుడిప్పుడే సిద్ధమగుచున్నది. హైదరాబాదులోని సీసీఎంబీ పాలుపంచుకొనిన జీనోమ్ ఇండియా పథకము క్రింద 10,000 మంది భారతీయుల జన్యుక్రమములు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినవి. వారి ఎముకలను కూడ కొలిచి జోడించిననాడు, ఎండిన మడుల దేశములో ఈ చీటీ ఏమి చెప్పునో తెలియును. అంతవరకు డబ్బాల ప్రతిపాదన గ్రామసభకు వచ్చినచో, ఆ సొమ్ముతో ఎన్ని వీధిదీపములు వెలుగునో, ఎన్ని పెరళ్లకు మునగమొక్కలు వచ్చునో లెక్క వేయించి సభ ముందు ఉంచవచ్చును.